ఒకే ఇంట్లోంచి రెండు పేర్లు

గ్రైండర్‌లో మినప్పప్పు తిరిగినంతసేపూ బిందుమాధవి తన సొంతం. అది అరగంట. మధ్యమధ్య లేచి నీళ్ళు చిలకరించడానికి, అంచులకి అంటుకున్న పిండిని కిందికి తొయ్యడానికి ఐదు నిమిషాలు పోగా పాతిక మిగులుతాయి. పాతిక నిమిషాల్లో ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి పట్టిక సాపు చెయ్యొచ్చు. పదేళ్ళు ఆడినవాడైతే రెండు వాయిలు కావాలి. అమెరికాలో, నోవై అనే ఊళ్ళో ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు పిండి రుబ్బేది తనకి దోసెలిష్టమని ఆమె మొగుడు ఉమాకాంత్ అనుకునేవాడు. అనుకోనీ, దోసెలు తినేది అతనేగా.

ఆ పట్టికలుండేది ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాలో. ప్రతి ఆటగాడి పేజీలోనూ అడుగున ఒక పట్టిక ఉంటుంది. ఏ ఏడు ఏ టీమ్‌కి ఆడాడు, ఎన్ని మ్యాచ్‌లు, మ్యాచ్‌కి సగటున ఎన్ని నిమిషాలు, ఎన్ని పాయింట్లు. జీతం బత్తెం లేకుండా లోకంలో వేలమంది రాసే పేజీలు కాబట్టి ఒకరు నిమిషాల గడి ముందు పెడతారు, ఒకరు వెనక పెడతారు. ఒకరు శాతాన్ని చుక్క పెట్టి మూడంకెల్లో వేస్తే, ఇంకొకరు నూటికి ఇంత అని వేస్తారు. వాటన్నిటినీ ఒక్క తీరుకి తేవడం బిందుమాధవి పని. ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తికెత్తుకుంది.

కాకినాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాలుగేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి, 2007లో పెళ్ళి చేసుకుని, మరుసటేడు ఉమాకాంత్ వెనకాల మిషిగన్ వచ్చింది. డిపెండెంట్ వీసా. ఉద్యోగం చెయ్యకూడదు. "నీకేం, మహారాణివి. సంపాదించడానికి నేనున్నాను, నువ్వు హాయిగా ఉండు" అన్నాడతను. ఆ హాయిలో మూడు పూటలా వంటా, ఉతికిన బట్టలు మడతపెట్టడమూ, శనాదివారాలు అతని స్నేహితులు వచ్చి డెట్రాయిట్ టీమ్ మ్యాచ్ చూస్తుంటే వాళ్ళకి వాయి వెంట వాయి మిరపకాయ బజ్జీలు వెయ్యడమూ అన్నీ కలిసే ఉన్నాయి. హాలంతా అరుపులు. వంటింట్లో ఉన్న మనిషికి ఆట కనపడదు, అంకెలే వినపడతాయి. ఒకరోజు కుతూహలం కొద్దీ ఒక ఆటగాడి పేజీ తెరిచి చూస్తే సగటు తప్పుగా ఉంది. ఏ ఏటికా ఏడు సగటు తీసి, ఆ సగటులన్నీ కూడి మళ్ళీ సగటు తీశాడెవడో మహానుభావుడు. ఒక ఏడు ఎనభై మ్యాచ్‌లు ఆడి, ఇంకో ఏడు మోకాలు దెబ్బతిని ఆరే ఆడితే, ఆ రెండేళ్ళకీ ఒకే విలువ ఎలా ఇస్తారు? ఫస్టియర్ పిల్లలు చేసే తప్పు. చేతులు తుడుచుకుని కూర్చుని దిద్దింది. మర్నాడు చూస్తే తను దిద్దినట్టే ఉంది. వారం తర్వాత కూడా ఉంది. ఆ దేశం వచ్చాక తనన్నమాట మీద ఇంకెవరూ మరోమాట అనకపోవడం అదే మొదలు.

అక్కడ అందరూ మారుపేర్లతో రాస్తారు. ఈవిడ మాత్రం తన పేరే పెట్టుకుంది, బిందుమాధవి అని, అక్షరం తగ్గకుండా. తన పరిచయం పేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ అనీ, ఊరు నోవై అనీ రాసుకుంది. బయట ఆమె 'ఉమాకాంత్ గారి మిసెస్'. ఇంట్లో 'బిందూ, కాఫీ'. పూర్తి పేరు పట్టే చోటు ఒకటి దొరికాక ఎందుకు వదులుకుంటుంది? ఆ సంబరం ఆపుకోలేక మొగుడికి చూపించింది కూడా. అతను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే "ఊఁ, బావుంది. టైంపాస్" అన్నాడు. చూడలేదనే అనుకుంది పిచ్చిది.

2011 జనవరిలో ఒక ఆదివారం జరిగింది అసలు సంగతి. హాల్లో ఆరుగురు. ఉమాకాంత్ ఎవరో పాత ఆటగాడి గురించి పందెం కాసేంత ధీమాగా చెబుతున్నాడు, ఆ ఏడు మ్యాచ్‌కి ఇరవై ఏడు పాయింట్లని. బజ్జీల పళ్ళెం పట్టుకొచ్చిన బిందుమాధవి నోరు జారింది. "ఇరవై రెండున్నరండీ. ఇరవై ఏడు ప్లేఆఫ్స్‌లో." ఉమాకాంత్ ఆఫీసు స్నేహితుడు అమర్‌నాథ్ ఫోన్ తీసి చూసి పగలబడి నవ్వాడు. "వదినగారు కరెక్ట్! రేయ్, నువ్వెళ్ళి బజ్జీలు వెయ్యరా, వదిన వచ్చి మాతో కూర్చుంటారు." అందరూ నవ్వారు. ఉమాకాంత్ కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక ఒక్కమాట అనలేదు. "పోనీలే, మనసున పెట్టుకోలేదు" అని ఆమె మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఆ వారంలోనే మోటార్‌సిటీ84 అనే మారుపేరువాడు ఆ ఎన్‌సైక్లోపీడియాలో అడుగుపెట్టాడు. వచ్చీ రావడం బిందుమాధవి వెంట పడ్డాడు. ఆమె పొద్దున దిద్దిన పట్టిక మధ్యాహ్నానికి పాత తీరుకి తిప్పేసేవాడు. చర్చల పేజీలో ఇంగ్లీషులో చురకలు వేసేవాడు. ఈవిడ జన్మలో ఒక్క మ్యాచ్ చూసినట్టు లేదు. అంకెలు గళ్ళలో నింపడం గుమాస్తా పని, దానికింత బడాయా. ఇంట్లో పనిలేనివాళ్ళందరూ ఇక్కడ చేరుతున్నారు. ఆ చివరి మాట చదివినరోజు ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చింది. పనిలేకపోవడమేమిటి? పని కాక ఆ ఇంట్లో ఇంకేముందని? అయినా వాడికెలా తెలిసింది, తను ఇంట్లో ఉండే మనిషినని?

ఎవరితో చెప్పుకుంటుంది? మొగుడితోనే చెప్పుకుంది. ఉమాకాంత్ ఓపిగ్గా విన్నాడు, తల నిమిరాడు. "ఇంటర్నెట్‌లో అంతే బిందూ, లైట్ తీస్కో." మరో రోజు ఆలోచించినట్టు మొహం పెట్టి, "అతను చెప్పేదాంట్లో కూడా పాయింటుందేమో చూడు. నువ్వు మరీ సెన్సిటివ్" అన్నాడు. ఆమె నిజంగానే కూర్చుని చూసింది, తన తప్పేమైనా ఉందేమోనని.

తప్పు ఒకటి చేసింది కూడా, నవంబర్‌లో. ఫౌలైనందుకు దొరికే ఫ్రీత్రోల శాతాలు నలభై పేజీల్లోకి ఎక్కిస్తుంటే వరస ఒకటి కిందికి జారిపోయింది. ఒకడి శాతం ఇంకొకడికి పడింది. ఆదివారం తనే కనిపెట్టి, ఉమాకాంత్‌కి కాఫీ ఇస్తూ చెప్పింది, ఇప్పుడే కూర్చుని సరిచేస్తానని. "రేపు చేసుకోవచ్చులే, పద, అమ్మని గుడికి తీసుకెళ్దాం" అన్నాడతను. అతని తల్లి ఇండియా నుంచి వచ్చి అప్పటికి నెల దాటింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా మోటార్‌సిటీ84 ఆ నలభై పేజీల పేర్లూ వరసగా రాసి అందరి ముందూ పెట్టాడు. ఈవిడని ఇంకా ఎందుకు నమ్ముతున్నారు అని అడిగాడు. నలభై చోట్లా ఆమె క్షమాపణ రాసుకోవాల్సొచ్చింది. శత్రువైనా వాడి కన్ను ఎంత సూటి అని ఆశ్చర్యపోయింది. ఆ మాట కూడా ఉమాకాంత్‌తో అంది. "మరి, నేను చెప్పలా?" అన్నాడు.

అయినా లేచి నిలబడింది. ఫిబ్రవరిలో ఒక ప్రతిపాదన పెట్టింది. మగ ఆటగాళ్ళలో బెంచీ మీంచి లేవనివాడికి కూడా పూర్తి పట్టిక ఉంది. ఆడ ఆటగాళ్ళకి చాలామందికి అసలు పట్టికే లేదు. ఒకావిడ పేజీలో పెళ్ళి గురించీ మొగుడి ఉద్యోగం గురించీ మూడు పేరాలున్నాయి, పన్నెండేళ్ళ ఆట గురించి రెండు వాక్యాలున్నాయి. వాళ్ళ సీజన్ మగవాళ్ళదిలా రెండేళ్ళలోకి పాకకుండా ఒకే ఎండాకాలంలో ముగుస్తుంది కాబట్టి ఏ ఏడు అని రాసే గడి ఒక్కటి మార్చి, మిగతాదంతా మగవాళ్ళ పట్టికలాగే ఉండాలని ఆమె ప్రతిపాదన. తొమ్మిదిమంది సరే అన్నారు. మోటార్‌సిటీ84 వద్దన్నాడు. ఎవరు చదువుతారట అవి? సోమవారంతో చర్చ ముగుస్తుంది. గెలిచేటట్టే ఉంది. నాలుగొందల పట్టికలు తనే కడతానని మాటిచ్చింది. అన్ని వాయిల పిండి ఎవరు తింటారో ఆలోచించలేదు.

ఆ ముందు శనివారం పొద్దున ఉమాకాంత్ బయట డ్రైవ్‌వేలో మంచు తోస్తున్నాడు. అక్టోబర్‌లో రాజమండ్రి నుంచి వచ్చిన అత్తగారు రాజేశ్వరమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. గ్రైండర్ తిరుగుతోంది. బిందుమాధవి లాప్‌టాప్ తెరిచేసరికి పైన ఎర్రగా ఒక నోటీసు ఉంది. ఆమె అకౌంట్ ఆపేశారు.

ఆ ఎన్‌సైక్లోపీడియాలో ఒక పెద్ద నేరముంది. ఒకే మనిషి రెండు పేర్లతో వచ్చి ఇద్దరిలా నటించకూడదు. బిందుమాధవీ మోటార్‌సిటీ84 ఒక్కరేనట. ఏడాదిగా పోట్లాడుకుంటున్నట్టు నాటకమాడి, అందరి జాలి సంపాదించి, ఈ ప్రతిపాదనకి ఓట్లు రాబట్టారట. నిర్వాహకులు లోపల సోదా చేస్తే రెండు పేర్లూ ఒకే ఇంటి ఇంటర్నెట్ మీంచి వస్తున్నాయి. రెండో పేరు అప్పుడప్పుడు ఆ ఊళ్ళోనే ఒక కంపెనీ నెట్‌వర్క్ మీంచి కూడా వస్తోంది. ప్రతిపాదన తాత్కాలికంగా నిలిపేశాం, బిందుమాధవి సంజాయిషీ ఇచ్చుకోవచ్చు అని రాశారు.

ఆమె మొదట నవ్వుకుంది. ఏదో పొరపాటు పడ్డారు, పాపం. తర్వాత కింద ఫిర్యాదు చేసినాయన ఇచ్చిన రుజువు చూసింది. అదొక చిన్న పట్టిక. రెండు గళ్ళు. ఈ రెండు పేర్లూ కలిసి మాయమైన రోజులు.

ఆగస్టు పన్నెండు నుంచి పదహారు. నయాగరా వెళ్ళిన రోజులు. అక్టోబర్ ఎనిమిది, అత్తగారిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళారు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులు నాలుగు రోజులు, న్యూజెర్సీ పిస్కాటవేలో ఉమాకాంత్ పెదనాన్న కొడుకింట్లో. డిసెంబర్ మూడు, ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మొదటి గడిలో అవి తన రోజులు. రెండో గడిలో కూడా అవే రోజులు.

పదేళ్ళు చదివిన చదువు ఊరికే పోలేదు. రెండు వరసలు ఇంత కచ్చితంగా కలిస్తే యాదృచ్ఛికం అనడానికి వీల్లేదని ఆమే క్లాసులో చెప్పేది. ఆ నలభై పేజీలు గుర్తొచ్చాయి. ఆ సంగతి లోకంలో ఒక్కరికే చెప్పింది. కాఫీ ఇస్తూ చెప్పింది. రేపు చేసుకోవచ్చులే అన్నాడు. అమ్మ పక్కన గుళ్ళో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పొద్దున్నే ఆఫీసుకెళ్ళి కూర్చుని నలభై పేర్లూ టైపు చేశాడు.

అయినా ఆడమనసు కదా, మొగుడికి ఒక సందు వెతికింది. మొదలుపెట్టినప్పుడు ఎదుటి పేరు తనదని అతనికి తెలియదేమో? చూపించినప్పుడు సరిగ్గా చూడనే లేదుగా?

"ఏమ్మా అలా అయిపోయావు? గ్రైండర్ ఆపు, మాడు వాసనొస్తోంది" అంది రాజేశ్వరమ్మ.

ఆపింది. "అత్తయ్యా, ఈయన పైన గదిలో ఏం రాసుకుంటారో మీరెప్పుడైనా చూశారా?"

"ఏముందే, మీ బంతాటేగా! మీరిద్దరూ పోటీపడి రాసుకుంటారుగా." ముసలావిడ మొహం విప్పారింది. "నువ్విక్కడ టకటకా కొట్టగానే వాడు అక్కడ నవ్వుకుంటూ కొడతాడు. 'చూస్తూ ఉండమ్మా, ఇప్పుడు నీ కోడలికి ఒళ్ళు మండుతుంది' అంటాడు. పిల్లో పిల్లాడో లేకపోయినా పోనీ, చిలిపిగా కాలక్షేపం చేస్తున్నారు మొగుడూ పెళ్ళాలు అనుకున్నాను."

ఆ సందు కూడా మూసుకుపోయింది. కొట్టి తిట్టే మొగుళ్ళ గురించి విన్నది. ఇంకో ఆడదాన్ని మరిగిన మొగుళ్ళ గురించి విన్నది. పై గదిలోంచి రాయి విసిరి, కిందికి దిగివచ్చి, తగిలిన చోట చెయ్యేసి నిమిరే మొగుణ్ణి ఏమనాలో ఆమెకి తెలియలేదు.

ఉమాకాంత్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. చదివాడు. ముందు నవ్వబోయాడు.

"ఓ, ఇదా! సరదాకి బిందూ. గేమ్‌లాగా. నీకూ కొంచెం ఎక్సైట్‌మెంట్ ఉంటుందని..."

"ఇంట్లో పనిలేనివాళ్ళందరూ ఇక్కడ చేరుతున్నారని రాశారు. నేను ఏడిస్తే నా తల నిమిరారు."

"అబ్బ, అదంతా ఇప్పుడెందుకు? ఆ రోజు అమర్‌నాథ్ వాళ్ళ ముందు నువ్వు చేసింది ఏమిటి మరి? ఆఫీసులో వారంరోజులు నన్ను బజ్జీల మాస్టారని పిలిచారు తెలుసా?"

ఒక్క ఆదివారానికి పదమూడు నెలలు. ఆమె మనసులోనే లెక్క కట్టింది. రాజేశ్వరమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని కొడుకు వంక చూసింది. "అదేం పనిరా? దాన్ని ఏడిపించడానికా అలా రాసేవాడివి?" అంది.

ఉమాకాంత్ వినిపించుకోలేదు. కంపెనీ నెట్‌వర్క్ అన్న వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది. "ఆఫీస్ నుంచి చేసింది కూడా పట్టుకున్నారా! బిందూ, ఇది పెద్దదవకూడదు. వర్క్ అవర్స్‌లో ఏడాదిగా ఇదే చేస్తున్నానని తెలిస్తే మేనేజర్ ఊరుకోడు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది. అమర్‌నాథ్‌కి కూడా ఆ సైట్ చూసే అలవాటుంది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. "ఒక పని చెయ్యి. రెండు పేర్లూ నీవేనని రాసెయ్. సారీ చెప్పెయ్. అంతటితో క్లోజ్ చేస్తారు."

"నా పేరు చెడుతుంది. ఇన్నాళ్ళు చేసిన పట్టికలన్నీ అనుమానంగా చూస్తారు. ఆడవాళ్ళ పట్టికల సంగతి ఇంక ఎవరూ ఎత్తరు."

"అదేమన్నా ఉద్యోగమా బిందూ? నాకైతే జాబ్ పోతుంది, వీసా పోతుంది. నీకు పోయేదేముంది?"

ఆ మాట అతను కోపంతో అనలేదు, వెటకారానికీ అనలేదు. నిజంగానే, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు అన్నాడు. తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ నిదానం ఒక ఎత్తు. మోటార్‌సిటీ84 మారుపేరేమీ కాదని అప్పుడు తెలిసింది ఆమెకి. అతను ఉన్న మనిషి ఉన్నట్టు మాట్లాడింది ఆ పేరుతోనే.

రాజేశ్వరమ్మ నెమ్మదిగా లేచొచ్చి కోడలి భుజం మీద చెయ్యేసింది. "వాడు చేసింది తప్పే తల్లీ. నేను కాదనను. కానీ వాడి ఉద్యోగం పోతే మీరిద్దరూ రోడ్డు మీద పడతారు. రాసెయ్యి. మొగుడూ పెళ్ళాలన్నాక వాడి పేరైతేనేం, నీ పేరైతేనేం."

"నేను డిక్టేట్ చేస్తాను, టైప్ చెయ్యి" అన్నాడు ఉమాకాంత్, వెనకాలకొచ్చి నిలబడి.

బిందుమాధవి లాప్‌టాప్ కొంచెం తనవైపు లాక్కుంది. "మీరు అవతలికెళ్ళండి. నా పేరు కింద రాసేది నేనే రాసుకుంటాను."

ఆ గొంతులో కోపం లేకపోవడం చూసి అతను ఒప్పుకుందనుకున్నాడు. పెళ్ళాం కోపం తెచ్చుకోకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో ఎప్పట్నుంచో లెక్క. "థాంక్స్ రా" అని ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె తల పక్కకి తీసుకుంది. అతను హాల్లోకెళ్ళి టీవీ పెట్టాడు. మధ్యాహ్నం మ్యాచ్ మొదలవుతోంది. రాజేశ్వరమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

సంజాయిషీ రాసుకునే చోట కర్సర్ మిణుకుమంటోంది. భయం వెయ్యలేదంటే అబద్ధం. వీసా అతనిది, ఇల్లు అతని పేరున, కారు అతని పేరున. ఇది రాస్తే సాయంత్రానికి ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించగలదు. రాయకపోతే ఎలా ఉంటుందో ఊహించక్కర్లేదు, ఐదేళ్ళుగా చూస్తూనే ఉంది. పక్క వీధిలో ఉండే రేణు ఎప్పుడూ అంటుంది, ఏదైనా అవసరమైతే మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది అని. మాటవరసకే అన్నదో, నిజంగానే అన్నదో కనుక్కోవాలి. కాలేజీ సర్టిఫికెట్లు పైన సూట్‌కేసులో పెట్టిన గుర్తు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు కోసం తడుముకోలేదు.

"అయ్యా, రెండో పేరు నాది కాదు. అతను నా భర్త. ఆ సంగతి నాకు ఈ ఉదయమే తెలిసింది. అతనికి మొదట్నుంచీ తెలుసు. నా ఓటు తీసేసి లెక్కపెట్టినా ప్రతిపాదన నెగ్గుతుంది, దయచేసి లెక్కపెట్టండి. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి మీరు మమ్మల్ని ఒక్క మనిషే అనుకున్నారు. మిమ్మల్ని తప్పుపట్టను. ఐదేళ్ళుగా నేనూ అలాగే అనుకున్నాను."